ఎదురుచూపుకి లెక్క కట్టిన మనిషి

డేటాబేస్ వాడే ప్రోగ్రామ్ రాసిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు. క్వెరీ వెళ్తుంది. కావాల్సిన పేజీ మెమరీలో ఉండదు. స్టోరేజ్ వాల్యూమ్‌కి రిక్వెస్ట్ వెళ్తుంది. అక్కడ మనకన్నా ముందు వచ్చినవాళ్లు క్యూలో ఉంటారు. ఇక మన ప్రోగ్రామ్ చేసేదేమీ లేదు, ఆగటమే. ఎంతసేపు ఆగాలి? దానికి ఎక్కడో ఎవరో ఒక నంబర్ పెట్టి ఉంటారు. లైనక్స్‌లో మామూలు డిస్క్ జవాబు ఇవ్వటానికి డీఫాల్ట్‌గా 30 సెకన్లు ఇస్తారు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక రో లాక్ కోసం 50 సెకన్లు ఆగుతారు. పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ టైమౌట్ 0 అని ఉంటుంది, అంటే హద్దే లేదు, ఎంతసేపైనా ఆగొచ్చు.

ఆగటం అనేది మన ఖర్మ, దానికి లెక్కేముంటుంది అనుకుంటాం. కానీ దానికి లెక్క ఉంది. ఆ లెక్క కట్టిన మనిషి కంప్యూటర్‌ని చూడనే లేదు. డేటాబేస్ అనే మాట కూడా పుట్టకముందే, 1929లో చనిపోయారు. ఆయన పేరు అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. ఊరు డెన్మార్క్, ఉద్యోగం టెలిఫోన్ కంపెనీలో.

బడిపంతులు గారి అబ్బాయి

ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతంలో లోన్‌బోర్గ్ అనే పల్లెటూళ్లో పుట్టారు. నాన్న హాన్స్ నీల్సన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిపంతులు, చర్చి లెక్కాపత్రాలు కూడా ఆయనే చూసేవారు. అమ్మ మాగ్దలీన్ క్రారుప్‌ది చర్చి పెద్దల కుటుంబం. అమ్మ వైపు పూర్వీకుల్లో థామస్ ఫింకే అనే గణిత శాస్త్రవేత్త ఉన్నారు. ఇంటర్‌లో మనందరినీ ఏడిపించిన టాంజెంట్, సీకెంట్ అనే పేర్లు త్రికోణమితికి పెట్టింది ఆయనే, 1583లో. అంటే లెక్కలు ఎర్లాంగ్ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయన్నమాట.

చిన్నప్పుడు అన్న ఫ్రెడరిక్‌తో కలిసి సాయంత్రాలు ఒకే పుస్తకం చదివేవాడట. అన్న మామూలుగా పట్టుకుని చదువుతుంటే, తమ్ముడు ఎదురుగా కూర్చుని అదే పేజీని తలకిందులుగా చదివేవాడు. ఇష్టమైన సబ్జెక్ట్ ఖగోళశాస్త్రం. నక్షత్రాల మీద కవితలు కూడా రాసేవాడు.

14 ఏళ్లకే కోపెన్‌హేగన్ వెళ్లి విశ్వవిద్యాలయం నడిపే ప్రిలిమినరీ పరీక్ష రాశాడు. వయసు చాలకపోతే ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. డిస్టింక్షన్‌లో పాసయ్యాడు. తర్వాత ఇంటికి తిరిగొచ్చి నాన్న బళ్లోనే రెండేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత స్కాలర్‌షిప్ మీద కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1901లో గణితంలో ఎంఏ పూర్తి చేశారు. పక్క సబ్జెక్టులు ఖగోళం, భౌతికం, రసాయనం.

డిగ్రీ చేతికొచ్చాక ఆయన పరిశోధకుడు కాలేదు, టీచర్ అయ్యారు. ఏడేళ్లపాటు వేర్వేరు స్కూళ్లలో లెక్కలు చెప్పారు. ఈ మధ్యలోనే, 1904లో, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఒక పోటీ ప్రశ్నకి హైగెన్స్ గణిత పద్ధతుల మీద వ్యాసం రాసి గుర్తింపు పొందారు. డెన్మార్క్ గణితజ్ఞుల సంఘం మీటింగులకి మాత్రం తప్పకుండా వెళ్లేవారు. ఆయన జీవితం అక్కడే మలుపు తిరిగింది.

జెన్సన్ గారి పరిచయం

ఆ సంఘంలో యోహాన్ జెన్సన్ అనే ఆయన ఉండేవారు. మెషిన్ లెర్నింగ్ పాఠాల్లో జెన్సన్ అసమానత అని వస్తుంది చూడండి, ఆ జెన్సనే. విచిత్రం ఏమిటంటే ఆయన ప్రొఫెసర్ కాదు, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చీఫ్ ఇంజనీర్. లెక్కలు ఆయనకి ఆఫీసు అయ్యాక చేసుకునే పని. ఎర్లాంగ్‌ని చూసి ఈ కుర్రాడు మాకు కావాలి అనిపించి, కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ యోహాన్సన్‌కి పరిచయం చేశారు. యోహాన్సన్ అప్పటికే టెలిఫోన్ సమస్యలకి సంభావ్యత సిద్ధాంతం వాడొచ్చని ఆలోచిస్తున్న మనిషి. వేచి ఉండే సమయం గురించి 1907లోనే ఒక వ్యాసం రాశారు. 1908లో ఎర్లాంగ్ కంపెనీలో చేరారు. అప్పుడు ఆయన వయసు 30.

అసలు సమస్య ఏమిటో చూద్దాం. అప్పటి ఎక్స్‌చేంజ్‌లో ఎవరైనా ఫోన్ ఎత్తితే ఆపరేటర్ బల్ల మీద గుర్తు పడుతుంది. ఆమె ఒక ప్లగ్ పెట్టి ఎవరు కావాలో అడుగుతుంది, రెండో ప్లగ్‌తో అవతలి లైన్ కలుపుతుంది. ఆమె ఇంకో కాల్‌లో ఉంటే వీళ్లు ఆగాలి. రెండు ఎక్స్‌చేంజ్‌ల మధ్య వైర్లన్నీ నిండి ఉంటే కూడా ఆగాలి. మన తాతల కాలంలో ట్రంక్ కాల్ బుక్ చేసి ఫోన్ పక్కనే గంటలకొద్దీ కూర్చున్న కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కారణం అదే, వైర్లు తక్కువ, మాట్లాడేవాళ్లు ఎక్కువ.

మరి ఎంతమంది ఆపరేటర్లు ఉండాలి? ఎన్ని వైర్లు వేయాలి? ఎక్కువ వేస్తే డబ్బు దండగ. తక్కువ వేస్తే జనం అవస్థ. సగటు చూసి వేద్దామంటే సగటు మోసం చేస్తుంది. గంటకి 60 కాల్స్ వస్తాయంటే నిమిషానికి ఒకటి చొప్పున బుద్ధిగా వరసలో రావు కదా.

1909లో ఎర్లాంగ్ తన మొదటి ముఖ్యమైన పేపర్ ప్రచురించారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని జనం, ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఫోన్ చేస్తుంటే, ఆ కాల్స్ రాక పాయిజాన్ పంపిణీని పాటిస్తుందని అందులో చూపించారు. సగటున నిమిషానికి ఒక కాల్ వచ్చే చోట లెక్క వేసి చూడండి. 100 నిమిషాల్లో దాదాపు 37 నిమిషాలు ఒక్క కాల్ కూడా రాదు. 8 నిమిషాల్లో మాత్రం మూడు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి పడతాయి. ఆపరేటర్ ఖాళీగా కూర్చున్న నిమిషాలు, ఆ తర్వాత ఊపిరాడని నిమిషాలు రెండూ ఒకే లెక్కలోంచి వస్తున్నాయి. ఏ గంటకి ఏ కాల్ వస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ మొత్తం మీద ఎంతమంది ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చెప్పొచ్చు. ఎర్లాంగ్ పట్టుకున్నది ఇదే.

పొమ్మనటమా, ఆగమనటమా

1917లో వచ్చిన పేపర్ ఆయనకి పేరు తెచ్చింది. అప్పటికి ఆటోమేటిక్ ఎక్స్‌చేంజ్‌లు వస్తున్నాయి. లైన్లన్నీ నిండి ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన కాల్‌ని ఏం చేయాలి? రెండే దారులు. ఒకటి, బిజీ టోన్ ఇచ్చి పంపేయటం. రెండు, క్యూలో నిలబెట్టటం. రెండింటికీ వేర్వేరు ఫార్ములాలు ఇచ్చారు. మొదటిదాన్ని ఇప్పుడు ఎర్లాంగ్ బి అంటారు, రెండోదాన్ని ఎర్లాంగ్ సి అంటారు.

బి ఫార్ములా చేత్తో వేసుకోవచ్చు. గంటకి 30 కాల్స్, ఒక్కోటి 2 నిమిషాలు అనుకోండి. మొత్తం 60 నిమిషాల మాటలు, అంటే ఒక లైన్‌కి సరిగ్గా సరిపోయే పని. ఒక్క లైన్ వేస్తే చాలు అనిపిస్తుంది. కానీ ఫార్ములా ప్రకారం ఒక్క లైన్ ఉంటే సగం మందికి బిజీ టోనే. రెండు లైన్లు వేస్తే 20 శాతం మందికి, మూడు వేస్తే సుమారు 6 శాతం మందికి, నాలుగు వేస్తే 1.5 శాతం మందికి, అయిదు వేస్తే 0.3 శాతం మందికి బిజీ టోన్ వస్తుంది. ప్రతి అదనపు లైన్ ఎంత ఉపయోగమో కళ్లకి కడుతుంది. ఎక్కడ ఆపాలో కంపెనీ డబ్బు లెక్క చూసుకుని తేల్చుకోవచ్చు.

ఇదే ఫార్ములా ఇంకో గొప్ప విషయం చెప్తుంది. పైన చెప్పినదానికి పది రెట్లు ట్రాఫిక్ ఉన్న చోట, నూటికి ఒక్కరికన్నా ఎక్కువమందికి బిజీ రాకూడదంటే 18 లైన్లు కావాలి. అలాంటివి పది చోట్ల విడివిడిగా ఉంటే 180 లైన్లు. ఆ పదింటినీ కలిపి ఒకే గుంపుగా వాడుకుంటే 117 చాలు. ఒకచోట రద్దీగా ఉన్నప్పుడు ఇంకోచోట ఖాళీ ఉంటుంది కాబట్టి. ఇవాళ డేటాబేస్ ముందు కనెక్షన్లని ఒకే పూల్‌గా పెట్టి అందరికీ పంచటం వెనక ఉన్న లాభం ఇదే.

సి ఫార్ములా క్యూ గురించి. దీని అత్యంత తేలిక రూపం, ఒకే సర్వర్ ఉన్నది, మనకి బాగా పనికొస్తుంది. ఒక డిస్క్ ఒక రిక్వెస్ట్‌కి సగటున 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది అనుకుందాం. డిస్క్ 50 శాతం బిజీగా ఉంటే క్యూలో సగటు ఎదురుచూపు 5 మిల్లీసెకన్లు. 80 శాతం బిజీ అయితే 20. 90 శాతం అయితే 45. 99 శాతం అయితే 495, అంటే దాదాపు అర సెకను. డిస్క్ మారలేదు, దాని వేగం తగ్గలేదు. ఖాళీ తగ్గింది, అంతే. కొన్న వస్తువుని నూటికి నూరు శాతం వాడుకోవాలని చూసే ప్రతి మేనేజర్ గోడ మీద ఈ నాలుగు అంకెలు అతికించాలి. ఆ చివరి కొద్ది శాతాన్ని కంపెనీ మిగుల్చుకుంటే, దాని ఖర్చుని క్యూలో ఉన్నవాళ్లు తమ టైమ్‌తో కడతారు.

ఇప్పుడు స్టోరేజ్ వైపు చూస్తే, 1917 నాటి ఆ రెండు దారులు అలాగే ఉన్నాయి. లైనక్స్‌లో థిన్ పూల్ అని ఒకటి ఉంటుంది. అసలు ఉన్న డిస్క్ కన్నా ఎక్కువ చోటు ఉన్నట్టు వాల్యూమ్‌లకి చూపించి, రాసేకొద్దీ నిజమైన చోటు ఇస్తుంది. పూల్ నిండిపోయాక డేటాబేస్ ఏదైనా రాయబోతే ఏం చేయాలి? వెంటనే ఎర్రర్ ఇవ్వమని పెట్టుకోవచ్చు, అది బిజీ టోన్. లేదా రాతని క్యూలో పెట్టి, ఎవరైనా పూల్ పెంచుతారేమో అని ఆగొచ్చు. డీఫాల్ట్ రెండోదే, 60 సెకన్లు. ఆలోపు చోటు దొరికితే డేటాబేస్‌కి ఏమీ జరగనట్టే ఉంటుంది. దొరకకపోతే అప్పుడు ఎర్రర్.

నిచ్చెన పట్టుకుని వెళ్లే లెక్కల మాస్టారు

ఇంత చేసిన మనిషి ఏ పెద్ద ల్యాబ్‌లో కూర్చుని చేశారో అనుకుంటాం. కంపెనీ ఆయన్ని ప్రయోగశాలకి అధిపతిని చేసింది, కానీ మొదట్లో ఆ ప్రయోగశాలలో చెప్పుకోదగ్గ సిబ్బందే లేరు. భూమిలో వేసిన కేబుళ్ల దగ్గర దారితప్పిన కరెంటు ఎంత పారుతోందో కొలవాల్సి వస్తే ఆయనే వెళ్లేవారు. నిచ్చెన మోసే పనివాడు వెనక నడుస్తుంటే కోపెన్‌హేగన్ వీధుల్లో తిరిగి, మ్యాన్‌హోళ్లలోకి దిగి కొలతలు తీసుకునేవారు. కొలత పరికరాలని కూడా తనే మెరుగుపరిచారు. నాలుగు అంకెల లాగరిథమ్ పట్టికలు తయారుచేశారు. తన ఫార్ములాలకి కూడా పట్టికలు వేసి ఇచ్చారు, ఎందుకంటే వాటిని వాడాల్సిన ఇంజనీర్లకి కాలిక్యులేటర్లు లేవు.

ఆయన రాత చాలా పొదుపు. కొన్ని ఫలితాలకి రుజువు కూడా రాయకుండా వదిలేసేవారు. అయినా దేశదేశాల్లో ఇంజనీర్లు వాటిని వెతుక్కుని చదివారు. బ్రిటిష్ పోస్టాఫీసు తన టెలిఫోన్ లైన్ల లెక్కకి ఆయన ఫార్ములానే ఆధారంగా తీసుకుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు ఒకాయన ఎర్లాంగ్ పేపర్లు చదవటానికే డేనిష్ భాష నేర్చుకున్నారని చెప్తారు.

పెళ్లి చేసుకోలేదు. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసేవారు. గణితం, ఖగోళం, భౌతికం మీద పెద్ద గ్రంథాలయమే కూడబెట్టారు. చరిత్ర, తత్వం, కవిత్వం కూడా చదివేవారు. తక్కువ మాట్లాడి ఎక్కువ వినే మనిషి. కష్టంలో ఉన్నవాళ్లు సాయం కోసం నేరుగా ల్యాబ్‌కే వచ్చేవారు. ఆయన ఎవరికీ తెలియకుండా, చప్పుడు చేయకుండా ఇచ్చి పంపేవారు.

కంపెనీలో దాదాపు 20 ఏళ్లు, అనారోగ్యం పేరుతో ఒక్కరోజు సెలవు పెట్టలేదంటారు. 1929 జనవరిలో కడుపులో రాళ్ల బాధతో కోపెన్‌హేగన్‌లో ఆసుపత్రిలో చేరారు. ఆపరేషన్ జరిగింది. ఫిబ్రవరి 3న చనిపోయారు. అప్పటికి 51 ఏళ్లు నిండి నెలే అయింది.

పేరు మిగిలింది

1946లో అంతర్జాతీయ టెలిఫోన్ సంఘం ట్రాఫిక్ కొలతకి ఆయన పేరు పెట్టింది. ఒక లైన్ గంటంతా నిండి ఉంటే అది ఒక ఎర్లాంగ్. పైన మనం చూసిన 30 కాల్స్ లెక్క సరిగ్గా ఒక ఎర్లాంగ్. 1948లో ఆయన జీవితం, రచనలు కలిపి కోపెన్‌హేగన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఆయన మొదలుపెట్టిన క్యూయింగ్ సిద్ధాంతం మీదే 1960ల మొదట్లో లియోనార్డ్ క్లైన్‌రాక్ కంప్యూటర్ నెట్‌వర్క్‌లలో మెసేజ్‌ల ఆలస్యాన్ని లెక్కకట్టారు.

1986లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ స్విచ్‌ల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష పుట్టింది. దానికీ ఎర్లాంగ్ అనే పేరే పెట్టారు. కౌచ్‌డీబీ అనే డేటాబేస్ రాసింది ఆ భాషలోనే. మనం రోజంతా వాడే వాట్సాప్ సర్వర్లు నడిచేదీ దానిమీదే. ఆ భాషలో ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని మామూలు పద్ధతిలో ఏదైనా అడిగితే, జవాబు కోసం డీఫాల్ట్‌గా 5 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత కాల్ విఫలమైందని చెప్పేస్తుంది. ఎక్కువసేపు కావాలంటే మనమే రాయాలి.

ఫార్ములా ఎక్కడ ఆగుతుంది

ఎర్లాంగ్ లెక్కని గుడ్డిగా వాడకూడదు కూడా. దాని అడుగున రెండు నమ్మకాలు ఉన్నాయి. మొదటిది, వచ్చేవాళ్లు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తారని. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు అలా ఉండదు. లక్షలమంది ఒకే నిమిషంలో ఒకే బటన్ నొక్కుతారు. రోజువారీ సగటు చూసి కట్టిన సిస్టమ్ ఆ నిమిషంలో నిలబడదు. రెండోది బి ఫార్ములాలో ఉంది. బిజీ టోన్ విన్నవాళ్లు ఇంటికి వెళ్లిపోతారని అది అనుకుంటుంది. నిజానికి మనం ఏం చేస్తాం? మళ్లీ డయల్ చేస్తాం. సైట్ తెరుచుకోకపోతే రిఫ్రెష్ కొడతాం. ప్రోగ్రాములూ అంతే, టైమౌట్ అవ్వగానే మళ్లీ ప్రయత్నిస్తాయి.

అందుకే టైమౌట్ పెట్టటం తేలికైన పని కాదు. మరీ చిన్నది పెడితే, కాస్త ఆగితే వచ్చేసే జవాబుని వదులుకుని, అదే రిక్వెస్ట్ మళ్లీ పంపి, నిండిన క్యూని ఇంకా నింపుతాం. మరీ పెద్దది పెడితే ఒక్క వాల్యూమ్ జవాబివ్వకపోయినా, కనెక్షన్లన్నీ దాని కోసమే పట్టుకుని కూర్చుంటాయి. ఆ వాల్యూమ్‌తో పనిలేనివాళ్లు కూడా బయట నిలబడిపోతారు. సరైన నంబర్ రావాలంటే మూడు తెలియాలి. రిక్వెస్టులు ఎంత వేగంగా వస్తున్నాయి, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుంది, టైమౌట్ అయ్యాక అవతలివాళ్లు ఏం చేస్తారు. మొదటి రెండింటితో ఏం చేయాలో ఎర్లాంగ్ వందేళ్ల కిందటే చెప్పి వెళ్లారు. మూడోది మనం చూసుకోవాలి.

ప్రాజెక్ట్‌లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచినప్పుడు 30, 50, 60 లాంటి అంకెలు కనిపిస్తే, అవి పైనుంచి దిగినవి కావని గుర్తుంచుకుందాం. మన యాప్ వాడేవాళ్లు ఎవరు, ఎంతమంది, వాళ్లకి ఎంత తొందర అనేది ఆ అంకె పెట్టినవాళ్లకి తెలిసే అవకాశం లేదు. హాల్ టికెట్ కోసం చూసే పిల్ల అయినా, ఆసుపత్రి కౌంటర్ దగ్గర రిపోర్ట్ కోసం నిలబడ్డ మనిషి అయినా, ఆ అంకె పూర్తయ్యేదాకా ఆగాల్సింది వాళ్లే. కోపెన్‌హేగన్‌లో ఒక లెక్కల మాస్టారు 20 ఏళ్లు కూర్చుని ఆ ఆగటాన్ని కొలిచారు. మనం కనీసం ఒక పూట కూర్చుని మన వాల్యూమ్ ఎంత బిజీగా ఉందో కొలిచి, ఆ తర్వాత నంబర్ రాద్దాం.